ఎదురుకాళ్ల గోపిక నడుం

జులై 7, సోమవారం. ఉదయం 5:40
నడుం పట్టేసి నాలుగు రోజులు. ఎవరికీ చెప్పలేదు. చెబితే బాపు ఖోఖో మాన్పించేస్తాడు. శనివారమే సూర్యాపేటలో జిల్లా సెలెక్షన్స్!
ఫోన్‌లో డాక్టర్ల గైడ్‌లైన్స్ మొత్తం చదివాను. రూల్స్:
1. మంచం ఎక్కకూడదు. కదులుతూ ఉండాలి.
2. రోజూ అరగంట నడక.
3. ఊరికే ఎక్స్‌రేలు, స్కాన్‌లు వద్దు.
4. భయపడకూడదు. చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది.
జ్వరం, కాళ్లలో తిమ్మిరి ఉంటేనే డేంజర్. లేవు. మూడుసార్లు చూసుకున్నాను.
సైన్స్ జిందాబాద్!

జులై 8. ఉదయం 6:30
నడక: 30 నిమిషాలు. సూపర్!
తిరిగొచ్చేసరికి మా వాకిట్లో పక్కింటి సైదయ్య తాత నడుం పట్టేసి బోర్లా పడుకుని ఉన్నాడు. నేను పుట్టినప్పుడు ముందు కాళ్లు బయటికొచ్చాయట. అలా పుట్టినవాళ్లు తంతే పట్టిన నడుం వదులుతుందని మా చివ్వెంల వైపు గట్టి నమ్మకం.
"తాతా, డాక్టర్లు ఏమంటున్నారంటే..."
"డాక్టర్లు కాళ్లతోని పుట్టిండ్రా? తన్నవే!"
తన్నాను. తాత లేచి నడిచాడు. నా నడుంలో కరెంట్ కొట్టింది.

జులై 9
నాట్ల సీజన్. వంగి వంగి నడుం పట్టేసి ఇవాళ ముగ్గురు తన్నించుకోవడానికి వచ్చారు.
నడక: 10 నిమిషాలు. తన్నడం కూడా ఎక్సర్‌సైజే కదా? కలిపేశాను.

జులై 10
నడక: బస్సు దిగి స్కూల్ గేటు దాకా.
అమ్మ: "ఏందే, ముసల్దాని లెక్క వంగుతున్నవ్?"
"బ్యాగ్ బరువమ్మా."
ఇంకో వెబ్‌సైట్ చూశాను. దాని ప్రకారం నాకు ఆరు జబ్బులు. నాలుగో రూల్ ఖతం.

జులై 11. సాయంత్రం 5:00
మా ఖోఖో కోచ్ హరిలాల్ సర్ ఇంటికొచ్చారు! గ్రౌండ్‌లో ముగ్గుతో గీతలు గీస్తుంటే నడుం పట్టిందట. రేపు సెలెక్ట్ చేసేది ఆయనే.
"సర్, గైడ్‌లైన్స్‌లో..."
"రేపు పొద్దంతా నిలబడాలె గోపికా. జర గట్టిగ తన్ను."
గట్టిగా తన్నాను. పెద్ద అరుపు. సర్‌ది కాదు, నాది.
బాపు: "ఎన్నొద్దుల సంది?"
"ఎనిమిది."
నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో! గీ పిల్లను తన్నెటోళ్లు ఊళ్లె ఎవరున్నరే?"
సర్ నిటారుగా లేచారు. "తగ్గిందే!" అన్నారు. తర్వాత నన్ను చూసి, జేబులోంచి లిస్టు తీసి నా పేరు కొట్టేశారు. "వచ్చే యేడు సూద్దాం బిడ్డా."

జులై 12, శనివారం. ఉదయం 10:00
మంచం. పది రోజులు దిగొద్దని బాపు ఆర్డర్. సూర్యాపేటలో ఈపాటికి విజిల్ ఊదేసి ఉంటారు. నేరేడుచర్లలో ఒక టీచరమ్మ కూడా కాళ్లతో పుట్టిందట. ఆమెను తీసుకురావడానికి బాపు బండి తీశాడు.

10:20
ఇంట్లో ఎవరూ లేరు. దిగాను.
ఒకటి నుంచి నాలుగు దాకా పాత రూల్సే. ఐదోది కొత్తది: ఎవరినీ తన్నకూడదు. సెలెక్టర్లనైతే అసలే వద్దు.
నడక: మంచం నుంచి గడప దాకా తొమ్మిది అడుగులు. వెనక్కి తొమ్మిది.
సెలెక్షన్స్‌కు ఇంకా మూడు వందల అరవై అయిదు రోజులు!