దోనె నడిపినవాడి సాక్ష్యం

ఏలూరు, 1934

కృపమ్మ గారి ప్లీడరు గారికి, కొల్లేటి లంక నుంచి ఓ ముసలివాడి దండాలు.

మా లంకలో కలరాకు పదకొండుమంది పోతే అధికారులు ముగ్గురే అన్నారు. పత్రికలో నిజం రాసినందుకు కృపమ్మ గారి మీద కేసు పెట్టి, ఆవిడ అసలు లంకకు రానేలేదంటున్నారట.

తాటిదోనెలో తీసుకొచ్చింది నేనేనండి. పట్నం వాళ్లు దోనె ఎక్కితే బోల్తాయే. మా వియ్యంకుడు పెళ్లిబట్టలతో సహా మునిగాడు, అది వేరే కథ. ఆవిడ మాత్రం కదలకుండా కూర్చుని వచ్చి, ఇల్లిల్లూ తిరిగి పోయినవాళ్ల పేర్లు రాసుకున్నారు. పదకొండో పేరు మా ఆవిడ వరమ్మది.

వెళ్లేటప్పుడు, “మీ పేరు బయటపడితే మిమ్మల్నిక్కడ బతకనివ్వరండీ తాతగారూ. ఎవరడిగినా చెప్పను” అని మాటిచ్చారు. జైలుకు పోవలసి వచ్చినా నిలుపుకుంటున్నారు.

నేను మాత్రం ఏ మాటా ఇవ్వలేదండి. సోమవారం ఏలూరు కోర్టుకు వస్తున్నాను. మేజిస్ట్రేటు గారి ముందు నా పేరు నేనే చెప్పుకుంటాను.