వెనిగర్ జాడీకి మూత పెట్టు

బోర్డో, ఆదివారం

సొలాంజ్ అక్కా,

నా దగ్గు తగ్గింది, బెంగపడకు. నిన్న స్నేహితులతో రేవు పక్కనున్న స్టీక్ హోటల్లో భోంచేశాను. పేరు కనబడకుండా ఎవరి పాత వైన్ సీసాకి వాళ్లు మేజోడు తొడిగి తేవాలని మా నియమం. నేను నీ చేతి మొదటి వైన్ తీసుకెళ్లాను. అదే, ద్రాక్ష పంటంతా వానకి తడిసిన ఏడాదిది, నువ్వు సిగ్గుపడి, పులిసి వెనిగరైనా అవుతుందని జాడీలో పోసేస్తున్నది. తొడిగింది బావ ఉన్ని మేజోడు.

"ఏంటే లూసెట్, సీసా తెచ్చావా, గొర్రెల కాపరి కాలు నరుక్కొచ్చావా?" అన్నాడు వైన్ వ్యాపారం చేసే రెజిస్. అందరూ ఒకటే నవ్వు. మాంసం ముక్క మీద ఒక గుక్క తాగాక మాత్రం నమలడం ఆపేశాడు.

"ఇన్నేళ్లకి ఎంత మెత్తగా దిగుతోందే! ఏ పెద్ద ద్రాక్షతోటది? దాచకు, చెప్పు."

మేజోడు లాగి సీసా మీద నీ పేరు చూపించాను. రెజిస్ అడుగు మడ్డి కూడా పళ్లెంలో ఒంపుకుని రొట్టెతో తుడుచుకు తిన్నాడు.

జాడీలో ఎన్ని సీసాలు పోశావో నాకు చెప్పకు, ఏడుపొస్తుంది. మిగిలినవి ముట్టుకోకు. పాపకి జ్వరం తగ్గిందా? వంటింటి కప్పు కారడం ఆగిందా? బావని అడిగానని చెప్పు. ఆయన మేజోడు నా దగ్గర భద్రంగా ఉంది. దాని జత కూడా పంపు, ఖాళీది మాత్రం కాదు.

నీ చెల్లెలు
లూసెట్