చేతులతో మాట్లాడే ఇల్లు

ప్రియమైన బావకు,

క్షేమంగా చేరాను. ఉత్తరం ఆలస్యమైందని మూతి ముడుచుకోకు, వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఊపిరి సలపనివ్వడం లేదు. హాస్టల్లో ఒక ఫోను ఉంది గానీ దాన్ని నమ్ముకుంటే అయినట్టే. ఇన్నేళ్ళ మగ్గాల మోతకి నా చెవులు సగం పోయాయి, నీవి ముప్పాతిక పోయాయి. మొన్న పక్కింటివాళ్ళ ఫోనుకి చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఇంకేమైనా అన్నావా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇద్దరం అరుచుకునే బదులు కాగితం మీద రాసుకోవడం నయం.

ఇక్కడ పసిపిల్లల టీచరు ట్రైనింగు తరగతిలో అందరికంటే పెద్దదాన్ని నేనే. పక్కన కూచునే అమ్మాయిలు అక్కా అని పిలుస్తున్నారు. ఒకతి ఆంటీ అంది, దానితో మాట్లాడటం మానేశాను. మధ్యాహ్నం దాకా పాఠాలు, ఆ తర్వాత కింది అంతస్తులో ఉన్న పిల్లల గదిలో పని. ఆ గది నువ్వు చూడాలి బావా. కిటికీలు నా మోకాలి ఎత్తున ఉన్నాయి, పిల్లలు నిలబడి వీధిలోకి చూడటానికి. ఇసుక తొట్టి ఉంది, నీళ్ళ తొట్టి ఉంది, తడిస్తే కోప్పడేవాళ్ళు లేరు. ఇదంతా చూస్తుంటే నూలు బస్తాల మధ్య దుమ్ములో పాకే మన మిల్లు పిల్లలు గుర్తొచ్చారు. చదువు పూర్తిచేసి వస్తే గోడౌను పక్క గది పిల్లలకి ఇస్తానని మేనేజరు అన్నాడు కదా, ఆ మాట మీద నిలబడేలా చూసే పూచీ నీది.

అసలు సంగతి ఇది. మా టీచరమ్మకి మన పిట్ట గురించి చెప్పాను. మూడున్నరేళ్ళు నిండినా ఆ, బా తప్ప నోట మాట రాలేదని. ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే మన అలవాటు కూడా చెప్పాను. మగ్గాల దగ్గర మాట వినపడదు కాబట్టి చేతులతోనే మాట్లాడుకుంటామని, ఇంటికొచ్చినా ఆ చేతులు ఆగవని, పిట్ట కూడా కబుర్లన్నీ చేతులతోనే చెబుతుందని. ఆవిడ తల పట్టుకుంది. "సైగ చేస్తే అన్నీ అందుతుంటే పిల్ల నోరెందుకు విప్పుతుంది? మీ చేతులు ఆపండి, మాట అదే వస్తుంది" అంది. పిల్లలకి ఈ వయసులోనే మాటలు, పాటలు, కథలు చెవిలో పడాలట. ఇప్పుడు పడనివి తర్వాత పట్టుబడవట.

నువ్వూ వదినా కలిసి ఈ పని చెయ్యండి. దాంతో నోటితోనే మాట్లాడండి. చేతులు కట్టేసుకోండి. రోజూ ఒక కథ చెప్పు. నీ కథలు నాకు పెళ్ళయిన కొత్తలో చెప్పినవే చాలు, పిల్లకి సరిపోతాయి.

దాని బుగ్గ మీద నా పేరున ఒకటి పెట్టు.

మీ ఇద్దరి కోసం దూరంగా ఉన్న,
నీ పంతులమ్మ


ప్రియమైన పంతులమ్మకు,

నీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. అంతా విని, "వీడు అయిదేళ్ళ దాకా నోరు విప్పలేదు. విప్పాక ఇప్పటిదాకా మూయలేదు. పిల్లకేం తొందర?" అంది. నేను షిఫ్టులో ఉన్నంతసేపూ పిట్టని చూసుకునేది ఆవిడే కాబట్టి ఎదురు చెప్పలేదు.

పిట్ట బాగుంది. నువ్వు వెళ్ళిన రోజు గుమ్మంలో కూచుంది, మర్నాటికి మామూలైపోయింది. మన ఇల్లు మిల్లు గోడకి ఆనుకునే ఉంది కదా, పొద్దున షిఫ్టు మగ్గాలు మొదలయ్యేది ఇంట్లో అందరికంటే ముందు దానికే తెలుస్తుంది. నేల మీద డబ్బాలు పేర్చుకుంటున్నది కాస్తా లేచి పరుగున వచ్చి, మొదలైంది, వెళ్ళు వెళ్ళు అని చేతులతో తరుముతుంది. నాకేమో నెత్తి మీద పిడుగు పడితే గానీ వినపడదు. చెవులు మాత్రం మా అమ్మవైపువి వచ్చాయని అక్క మురిసిపోతోంది.

దారం తెగిందని మనం వేళ్ళు విడదీసి చూపిస్తామే, ఆ సైగని ఇప్పుడది అన్నింటికీ వాడుతోంది. బొమ్మ కాలు విరిగినా అదే, ఎదురింటి పాపాయి ఏడ్చినా అదే. మొన్న వానలో సూర్యుడు కనపడకపోతే ఆకాశం వైపు తిరిగి అదే చూపించింది. మగ్గాలు బాగుచేసే మేస్త్రీని కాబట్టి వెంటనే వెళ్ళి అతికించమని నా చెయ్యి పట్టి లాగింది.

ఇంత చక్కగా చెబుతున్న పిల్ల ముందు చేతులు కట్టుకోవడమంటే నాకు మనసొప్పడం లేదు. కానీ నువ్వు చదువుకుంటున్నదానివి, నేను నట్లు బిగించుకునేవాణ్ణి. రేపటి నుంచి మొదలుపెడతాను. అక్క చేత కూడా ఒట్టు వేయించాను. ఆవిడకి చేతులు ఆపడం కంటే ఊపిరి ఆపడం సులువు.

మేనేజరుని అడిగాను. మాట మాటేనన్నాడు.

నీ మాట జవదాటని,
బావ


ప్రియమైన బావకు,

నువ్వు మొదలుపెడతానని రాశాక నా గుండె మీద బరువు దిగింది. టీచరమ్మకి చెబితే, తండ్రి ఇంత శ్రద్ధ తీసుకోవడం అరుదుగా చూస్తామని నిన్ను మెచ్చుకుంది. మిల్లులో ఎవరూ మెచ్చుకోరు కాబట్టి ఇది దాచుకో.

కథ చెప్పేటప్పుడు దీపం ఆర్పేయమంది. కళ్ళ ముందు ఏమీ లేకపోతే పిల్ల ధ్యాసంతా మాట మీద ఉంటుందట. ఇంకో సంగతి. అది మొండికేస్తుంది. ఏడుస్తుంది, గీకుతుంది, నిన్ను లొంగదీసుకోవాలని చూస్తుంది. లొంగకు. కొత్త అలవాటు పట్టుబడే ముందు పిల్లలందరూ అంతేనట. మొక్కై వంగనిది మానై వంగదు కదా.

ఇక్కడ నేను చూసుకునే ఒక పాప ఉంది, మన పిట్ట ఈడుది. పొద్దస్తమానం ప్రశ్నలే. నీ ముక్కు ఎందుకు అక్కడుంది, వాన ఎవరిది. దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నప్పుడల్లా మన పిట్ట నోటి నుంచి మొదటి ప్రశ్న ఏం వస్తుందా అనుకుంటాను. అది నువ్వే ముందు వింటావు, నాకు అసూయగా ఉంది.

ఆ ప్రశ్న కోసం ఎదురు చూసే,
నీ పంతులమ్మ


ప్రియమైన పంతులమ్మకు,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగైదు సార్లు కలం తీసి పెట్టేశాను.

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాం. నేను మాట్లాడుతూనే ఉన్నాను, గొంతు బొంగురుపోయింది. మొదట్లో పిట్ట నా ముందు నిలబడి చేతులతో అడిగిందే అడిగేది. నీళ్ళు, నీళ్ళు అని. నేను నోటితో "నీళ్ళు అను, ఇస్తాను" అనేవాణ్ణి. కోపంతో కాళ్ళు నేలకేసి కొట్టేది. దీపం ఆర్పి కథ మొదలుపెడితే చీకట్లో నా మొహమంతా తడిమేది, పెదవులు పట్టుకునేది, చివరికి లేచి వెళ్ళి గోడ వెంట చెయ్యి రాస్తూ స్విచ్చి వెతికేది. మళ్ళీ ఆర్పేవాణ్ణి. లొంగకూడదన్నావు కదా.

ఇప్పుడు అడగడం మానేసింది. ఏమీ అడగదు. బల్ల కింద కూచుంటుంది. అక్క నోట్లో పెడితే నాలుగు ముద్దలు మింగుతుంది. మొన్న ఎదురింటి పాపాయిని కొరికింది. వెనక నుంచి ఎంత పిలిచినా తల తిప్పదు. అలిగిందనుకుంటున్నాం. అలక ఇన్ని రోజులుంటుందా? నువ్వు పిల్లల గదిలో చూస్తున్నావు, నువ్వే చెప్పు.

నిన్న జరిగింది చెబుతాను. చేతులు వాటంతటవే లేస్తున్నాయని ఇంట్లో ఉన్నంతసేపూ జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న కుర్చీలో కూచుంటే పిట్ట బల్ల కింద నుంచి వచ్చి నా జేబుల్లో చెయ్యి పెట్టింది. ఏదో తినడానికి వెతుకుతోందనుకున్నాను. కాదు. నా చేతులు రెండూ ఒక్కొక్కటిగా బయటికి తీసి, తన గుండెల ఎత్తుకి లేపి, వేళ్ళు అటూ ఇటూ కదిపింది. ఆడని బొమ్మకి కీ ఇచ్చి చూసినట్టు కదిపి, వదిలేసి, ఏం చెబుతాయా అని చూస్తూ నిలబడింది.

నేను మళ్ళీ జేబుల్లో పెట్టుకున్నాను.

అది వెళ్ళి బల్ల కింద కూచుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అక్క వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది. నువ్వు చెప్పింది మంచికే అయ్యుంటుంది. కానీ రాత్రి దీపం ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు.

బావ


బావా,

ఉత్తరం అందింది. వెంటనే ఈ పని చెయ్యి, తర్వాత మిగతాది చదువు. పిట్ట పరుపు మీద అటు తిరిగి కూచున్నప్పుడు, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళి, కంచం గాల్లో పట్టుకుని గరిటెతో గట్టిగా కొట్టు. నేల మీద కొట్టకు. నీ నీడ దాని మీద పడనివ్వకు. తల తిప్పిందో లేదో చూడు.

ఎందుకో చెబుతాను. ఈ మధ్యాహ్నం పిల్లల గదిలో పసివాళ్ళని పరీక్షించడం నేర్పించారు. ఆరు నెలల బిడ్డ వెనక గిలక్కాయ ఆడించారు. బిడ్డ తిరిగి చూసింది. ఇంకో బిడ్డ, ఇంకో బిడ్డ, అందరూ తిరిగారు. అంత చిన్న చప్పుడికి. అక్కడ నిలబడి, మన పిట్ట నా పిలుపుకి ఎప్పుడు తిరిగిందా అని గుర్తు చేసుకోబోయాను. ఒక్కసారీ గుర్తు రాలేదు. పిలిచే ముందు భుజం తట్టడం, కాలితో నేల కొట్టడం మన ఇంట్లో అలవాటు కదా. మన చెవులు పోయాయి కాబట్టి మనం అలా చేసుకుంటాం. దాని చెవుల సంగతి ఎవరు చూశారు బావా?

మగ్గాలు మొదలవడం దానికి ముందుగా తెలుస్తుందన్నావు. అప్పుడు అది నేల మీద కూచుని ఉంటుంది.

నా అనుమానం తప్పు కావాలని నాకంటే ఎక్కువగా ఎవరూ కోరుకోరు. టీచరమ్మకి చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. పిల్లని చూడకుండా సలహా ఇచ్చానంది. ఆవిడని అనడానికి నాకు నోరు రాలేదు. నవమాసాలు మోసి, మూడున్నరేళ్ళు కళ్ళ ముందు పెట్టుకున్నదాన్ని నేనే చూడలేదు.

చెవుల డాక్టరుకి చూపించు. చదువు ఆపేసి వచ్చేయనా? ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. రాయి.

నేను


ప్రియమైన నా పంతులమ్మకు,

తల తిప్పలేదు.

అక్కని చూడమని, రెండుసార్లు కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. పిట్ట అలాగే డబ్బాలు పేర్చుకుంటూ కూచుంది.

మిల్లుకి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చెవుల్లో ఏవో పెట్టి చాలాసేపు పరీక్షించారు. పుట్టుకతోనే వినపడదట. మగ్గాల వల్ల కాదు, మన వల్ల కాదు. చెవికి మిషను పెడితే పెద్ద చప్పుళ్ళు కొంత అందవచ్చు, చూద్దామన్నాడు. మగ్గాల మోత దానికి నేలలోంచి, అరిచేతుల్లోంచి తెలుస్తుందట. మనం దాని చెవులు గొప్పవనుకున్నాం.

తర్వాత ఆయన నన్ను కూచోబెట్టి, పిల్ల ఇంట్లో మీకు ఏదైనా ఎలా చెబుతుందని అడిగాడు. మన మిల్లు సైగల గురించి చెప్పాను. ఎన్ని తెలుసు దానికి అన్నాడు. చెబుతూ పోయాను. ఆకాశం దారం తెగిందని చెప్పిందన్నాను. ఆయన రాసుకోవడం ఆపేశాడు. "ఇలాంటి పిల్లలు ఈ వయసులో నా దగ్గరికి ఒక్క మాట కూడా లేకుండా వస్తారు. మీ పిల్లకి ఒక భాషే ఉంది. చాలా సంపాదించి ఇచ్చారు" అన్నాడు. మరి ఇప్పుడెందుకు చేతులు కదపడం లేదని అడిగాడు. మేమే ఆపించామని చెప్పాను. చేతులతోనే చదువు చెప్పే బడి ఉందట, చిరునామా ఇచ్చాడు. ఈలోగా ఇంట్లో అందరూ చేతులతో మాట్లాడండి, ఆపకండి, ఎంత మాట్లాడితే అంత మంచిదన్నాడు.

బస్సులోనే మొదలుపెట్టాను. అదిగో చెట్టు, అదిగో కుక్క, ఆకలేస్తోందా అని. పిట్ట కిటికీ వైపు తిరిగిపోయింది. ఇంటికొచ్చాక అక్క కూడా మొదలుపెట్టింది. ఒక రోజు కాదు, వారం గడిచింది. నేను పిచ్చివాడిలా మిల్లు కబుర్లన్నీ చేతులతో చెబుతూ దాని ముందు కూచునేవాణ్ణి. ఏ మగ్గం ఆగింది, ఎవడు తిట్లు తిన్నాడు, అన్నీ. అది చూసేది, చూసి తల వంచుకునేది. దాని చేతులు లేవలేదు. పోగొట్టేశామనుకున్నాను. ఆ భయం నీకు రాయలేక ఇన్నాళ్ళు రాయలేదు.

ఈ సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి, చెయ్యి కడుక్కుని, ఎప్పటిలా దాని ముందు కూచుని మొదలుపెట్టాను. బల్ల కింద నుంచి బయటికి వచ్చింది. నా చేతులు రెండూ పట్టుకుని ఆపింది. అరిచేతులు తిప్పి చూసింది, వెనక్కి తిప్పి చూసింది, ఒక్కో వేలూ వంచి చాపింది. దెబ్బ తగిలినప్పుడు దాని చేతులు మనం చూస్తామే, సరిగ్గా అలాగే చూసింది. తర్వాత వాటిని నా ఒళ్ళో పెట్టి, తన చేతులు ఎత్తి అడిగింది.

"నాన్న చేతులు. నొప్పి పోయిందా?"

అదీ సంగతి. మనం మొండి అనుకున్నాం, అలక అనుకున్నాం. అది నా చేతులకి జబ్బు చేసిందనుకుంది. నీళ్ళడిగి, అన్నం అడిగి, నా చేతులకి నొప్పి అని తెలిశాక అడగడం మానేసింది. తన చేతులూ ఆడించలేదు, నేను జవాబు చెప్పాల్సి వస్తుందని.

పోయింది, పూర్తిగా పోయిందని చెప్పాను. అయినా నా చేతులు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. నోటితో ఊదింది. ఇంకా తగ్గలేదనుకుందేమో. ఆ తర్వాత ఎన్ని అడిగిందో రాయలేను, ఇన్నాళ్ళవీ కలిపి అడిగింది. అక్క గుమ్మంలో నిలబడి ఏడుస్తూనే రెండు చేతులా జవాబులు చెప్పింది.

చదువు మానేయకు. గోడౌను పక్క గది మన పిల్లకే కాదు, అందరికీ కావాలి. నీ వల్ల జరిగిందని నువ్వనకు, నా వల్ల అని నేననను. ఇద్దరం దాని మంచికే చేశాం, దెబ్బ దానికి తగిలింది.

కానీ ఈ ఉత్తరం అందగానే రెండు రోజులు సెలవడిగి రా. పిట్ట పడుకోబోతూ ఇంకొకటి అడిగింది. అమ్మ చేతులకి కూడా నొప్పా అని. లేదు, బాగున్నాయన్నాను. నమ్మలేదు. చూపించమంది.

వచ్చి చూపించు.

నీ బావ