నల్లచేతుల వారికి నా వాటా

అక్టోబరు పన్నెండు, శనివారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక, బజార్-కొర్గోన్‌లోని నా అక్రోట్ల కర్మాగారంలో కాయలు కొట్టే ఆడవాళ్లందరినీ గోదాములోకి పంపి బయటినుంచి గొళ్లెం వేశారు. వేయించింది డైరెక్టరు నోదిర్. నోదిర్ నా కొడుకు. ఆ సమయానికి అతను ముంగిట్లో, కెమెరాల ముందు, 'ఉత్తమ సేవక నాయకుడు' అనే బిరుదు అందుకుంటున్నాడు.

అందువల్ల ఈ వీలునామా.

నా పేరు మస్తూరా ఎర్గషోవా. దివంగత అబ్దుగని భార్యను. వయసు అరవై తొమ్మిది. గుండె కవాటం ఒకటి పాడైందని డాక్టరు చెప్పాడు. బుర్ర గురించి ఆయన ఏమీ అనలేదు. నోటరీ ఇవాళ తేదీ అడిగింది, బజారు వీధి పేరు అడిగింది, నా పిల్లల పేర్లు అడిగింది. మూడూ సరిగ్గానే చెప్పాను. ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేద్దామని నిన్న సాయంత్రం ఒకరు వచ్చారు గానీ, టీ తాగి వెళ్లిపోయారు. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఈ క్షణం నుంచి చెల్లదు. నా తదనంతరం నా స్వార్జితమంతా కింద రాసిన ప్రకారం చెందవలసినది.

1. కర్మాగారంలో నా వాటా

మూడింట రెండు వంతులు నావి. మిగిలిన వంతు నోదిర్‌కు తండ్రి నుంచి వచ్చింది, దాని జోలికి నేను పోను. నా రెండు వంతులూ కాయలు కొట్టేవాళ్ల సహకార సంఘానికి సర్వహక్కులతో చెందాలి. ఆ సంఘం మొన్న మంగళవారం నమోదైంది. ఒక్క సీజనైనా కూర్చుని కాయలు కొట్టినవాళ్లు అందులో సభ్యులు. కొట్టనివాళ్లు ఎంత చదువుకున్నా కారు. పని మానేస్తే హక్కు పోతుంది. వాటాను బయటివాళ్లకు అమ్మడానికి గానీ తాకట్టు పెట్టడానికి గానీ వీల్లేదు.

సొంత కొడుకు ఉండగా ఇదేమిటని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం రెండో క్లాజు.

2. కారణాలు

జిల్లా పత్రిక మూతపడేదాకా నేను అందులో విలేకరిని. మూతపడ్డాక ఆ పత్రిక గోదామునే అద్దెకు తీసుకుని నేనూ నా భర్తా అక్రోట్లు కొట్టించడం మొదలుపెట్టాం, తర్వాత దాన్నే కొనుక్కున్నాం. పెంకు పగలాలి, లోపలి పప్పు చెదరకూడదు. యంత్రం ఆ పని చేయలేదు, చేతులే చేయాలి. పచ్చితొక్క రసం అంటుకుని సీజను మొదలైన వారానికే ఆ చేతులు నల్లబడిపోతాయి. సబ్బుకు పోదు, సున్నానికి పోదు. మంచు పడే రోజులకు దానంతటదే వదులుతుంది.

భోజనానికి ముందు ఇత్తడి కూజాతో వాళ్ల చేతుల మీద నీళ్లు పోసే పని మొదటి చలికాలం నుంచీ నాది. ఇళ్లలో ఈ పని చిన్నవాళ్లు పెద్దలకు చేస్తారు. నేను చేయడంలో తత్వమేమీ లేదు. కుళాయి బయట గడ్డకట్టేది, నీళ్లు కాచే సమోవర్ నా గదిలో ఉండేది, ఆ వేళకు ఖాళీగా ఉన్న మనిషిని నేనే. మొదటి రోజు, కాయలు కొట్టేవాళ్లలో ఒకతె, తుర్సునోయ్, చేతులు వెనక్కి లాక్కుంది. "నీచేత పోయించుకుంటే మాకు పాపం తగులుతుంది అక్కా" అంది. "తగిలినప్పుడు చూద్దాం, చెయ్యి చాపు, సూపు చల్లారుతోంది" అన్నాను. ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడవలసిన విషయమని ఎవరికీ తోచలేదు.

నోదిర్‌కు తోచింది. రెండేళ్ల కిందట ఆల్మటీలో ఒక హోటల్లో వారం రోజుల శిక్షణకు వెళ్లి వచ్చాడు. వచ్చీ రాగానే తలకిందులుగా నిలబెట్టిన గోపురం బొమ్మ ఒకటి కాయలు కొట్టే హాలు గోడకు తగిలించాడు. అడుగున మొన మీద నాయకుడు, పైన వెడల్పుగా కార్మికులు. తుర్సునోయ్ దాన్ని చాలాసేపు చూసి, "పైనున్నది మేమే అయితే, పైకప్పు కారినప్పుడు తడిసేదీ మేమేగా" అంది. పైకప్పు నిజంగానే కారుతోంది. ఇప్పటికీ కారుతోంది.

గేటు మీద 'మా కార్మికులే మా యజమానులు' అని బ్యానరు కట్టించాడు. అదే వారంలో, ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్ల సంచులు తడమడానికి అదే గేటు దగ్గర ఒక బల్ల వేయించాడు. మెడలో వేసుకునే కార్డుల మీద 'కార్మికురాలు' తీసేసి 'కుటుంబ సభ్యురాలు' అని రాయించాడు. సాయంత్రం పొద్దుపోయాక చేసిన పనికి కూలి అడిగితే, "ఇంట్లో పని చేసినందుకు కుటుంబ సభ్యులు డబ్బులడుగుతారా పిన్నీ?" అన్నాడు. మధ్యాహ్నం సూపు ఆపేశాడు. వంటగదికి రంగులు వేయించి 'స్ఫూర్తి గది' అని పేరు పెట్టాడు. ఆ గదిలో ఇప్పుడు అతని ఫొటోలు ఉన్నాయి. రొట్టె ముక్క కూడా లేదు.

నేను అడిగాను. "అమ్మా, నువ్వు చేసిందే నేనూ చేస్తున్నా. నువ్వు పేరు పెట్టలేదు, నేను పెట్టాను, అంతే తేడా" అన్నాడు. అతను ఆ మాట నమ్మే అన్నాడు. నాకు ఎక్కువ వెగటు కలిగించింది అదే.

ఇక శనివారం సంగతి. రాజధాని బిష్కెక్ నుంచి వ్యాపారుల సంఘం వాళ్లు బిరుదుఫలకం తెచ్చారు. డైరెక్టరు స్వహస్తాలతో కార్మికుల చేతులు కడిగే కార్యక్రమం పెట్టారు. సీజను నడుమ కాబట్టి అందరి చేతులూ బొగ్గులా ఉన్నాయి. ఫొటోలో బాగుండవని లెక్కల విభాగం అమ్మాయిలనూ, కోడలి తరఫు చుట్టాలనూ కుర్చీల్లో కూర్చోబెట్టారు. కొట్టేవాళ్ల ఏప్రాన్లు విప్పించి ఆ కూర్చున్నవాళ్లకు కట్టారు. ఏప్రాన్లు ఇచ్చేసినవాళ్లను గోదాములోకి పంపారు. నేను వెళ్లేసరికి కడగడం మొదలైంది. కడిగించుకుంటున్న చేతులు పాలలా ఉన్నాయి, ఒకమ్మాయికి గోళ్ల రంగు కూడా ఉంది.

గోదాము నిండా పొట్టు దుమ్ము. లోపల రిసోలత్‌కు ఊపిరి ఆడలేదు. ఆమెకు ఉబ్బసం ఉందని కర్మాగారంలో తెలియనివాళ్లు లేరు, నోదిర్‌తో సహా. లోపలినుంచి తలుపు బాదారు. బయట అతిథుల గౌరవార్థం నిలువెత్తు బాకాలు ఊదుతున్నారు, ఎవరికీ వినిపించలేదు. చివరికి తుర్సునోయ్ కాయలు కొట్టే సుత్తితో తలుపు బందులు ఊడగొట్టింది. రిసోలత్‌ను ఇద్దరు మోసుకుంటూ, మిగతావాళ్లు వెనకాల, నల్లచేతులతో, ఏప్రాన్లు లేకుండా, కెమెరాల నడుమకు వచ్చారు.

నోదిర్ ఇత్తడి కూజా చేతిలో పట్టుకుని వాళ్లను చూశాడు. "ఇప్పుడు కాదు పిన్నీ, ఒక్క అయిదు నిమిషాలు" అన్నాడు. మళ్లీ పోయడం మొదలుపెట్టాడు.

ఆస్పత్రికి కారు పిలిచింది నేను. సోమవారం పొద్దున తుర్సునోయ్‌ను పనిలోంచి తీసేశారు. కారణం: సంస్థ ఆస్తి ధ్వంసం. నా కారణాలు ఇవే. విశేషణాలు చదివేవాళ్లు చేర్చుకోవచ్చు.

3. తుర్సునోయ్

ఆమెను పనిలోంచి తీసేసిన కాగితం నా దృష్టిలో చిత్తుకాగితం. విరగ్గొట్టిన తలుపు ఆమెకే రాస్తున్నాను, పొయ్యిలో పెట్టుకున్నా సరే, గోడకు తగిలించుకున్నా సరే. గోదాముకు కొత్త తలుపు సంఘం పెట్టించాలి. గొళ్లెం లోపలి వైపే ఉండాలి. నా కుట్టుమిషను కూడా ఆమెకే. పాతికేళ్లుగా "అరువిస్తావా అక్కా" అని తీసుకెళ్లి, ప్రతిసారీ నూనె వేసి తిరిగిచ్చింది. ఇక తిరిగివ్వనక్కర్లేదు.

4. రిసోలత్

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చునే నిద్రపోతోంది. నా బాతు ఈకల దిండ్లన్నీ ఆమెకు. దీనికి నేను పోయేదాకా ఆగడం అర్థం లేని పని కాబట్టి నిన్ననే పంపించాను. రేపు ఎవరూ వెనక్కి అడగకుండా కాగితం మీద పెడుతున్నాను. సంఘం ఆమెకు దుమ్ము లేని చోట, పప్పు ఏరే బల్ల దగ్గర పని ఇవ్వాలి. జాలి చూపించి ఇంట్లో కూర్చోబెట్టకూడదు. ఆమెకు జాలి అంటే మంట.

5. సోబిర్, గేటు కాపలాదారు

గొళ్లెం వేసిన చెయ్యి ఇతనిదే. మరునాడు మా ఇంటికి వచ్చి గుమ్మం దాటకుండా నిలబడి, "నేనే వేశానక్కా. ఆయన వెయ్యమన్నాడు, వేశాను. లోపల కేకలు వినిపిస్తే మాత్రం తీసేవాణ్ణి" అన్నాడు. ఆ రోజు జరిగినదాని గురించి అడగకుండా నిజం చెప్పిన మగవాడు ఇతనొక్కడే. నా రేడియో ఇతనికి. సంచులు తడిమే బల్ల కూడా ఇతనే తీసుకెళ్లాలి, ఇంట్లో పిల్లలు చదువుకోవడానికి పనికొస్తుంది. గేటు దగ్గర మళ్లీ ఏ బల్లా ఉండకూడదు.

6. ఆల్మటీ శిక్షకుడు

పేరు రాయను. పచ్చితొక్క తీయని అక్రోట్లు ఒక బస్తా ఆయనకు పంపాలి. చేతి తొడుగులు పంపకూడదు. బస్తా పూర్తిగా ఒలిచి, కొట్టి, ఆ చేతులతోనే తర్వాతి శిక్షణ తరగతికి వెళ్లి ఆ గోపురం బొమ్మ గీయాలని నా కోరిక. చట్టప్రకారం ఆయన్ను కట్టడి చేయలేనని నోటరీ అంటోంది. బస్తా మాత్రం పంపవచ్చునట.

7. ఓయ్‌దిన్, నా కూతురు

ఇల్లు, పెరడు, పెరట్లోని రెండు అక్రోటు చెట్లు ఆమెవి. ఓష్‌లో బడిలో లెక్కలు చెబుతుంది. ఈ వీలునామా అమలు బాధ్యత ఆమెది. "తమ్ముడితో తగువు నా నెత్తిన పెడుతున్నావమ్మా" అంది ఫోనులో. పెడుతున్నాను. నీకు లెక్క తప్పదు, వాడి ఏడుపుకు కరగవు. ఈ రెండూ ఉన్న మనిషి మన ఇంట్లో ఇంకెవరూ లేరు. నా వెండి గాజులు నీవే. ఎడమ గాజు కీలు వదులు, జాగ్రత్త.

8. నోదిర్, నా కొడుకు

బిరుదుఫలకం అతనిదే, నేను రాయనక్కర్లేదు. గేటు మీది బ్యానరు కూడా అతను తీసుకోవచ్చు. గుడ్డ మందంగా ఉంది, కారు మీద కప్పుకోవచ్చు. ఇత్తడి కూజా అతనికి రాదు. అది హాల్లోనే ఉంటుంది, ఆ వేళకు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వాడతారు.

తండ్రి ఆకుపచ్చ చపాన్ కోటు అతనికి ఇస్తున్నాను. చలికాలం రాగానే అతనికి మెడ పట్టేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరికీ చెప్పడు, మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పి చూస్తాడు. కోటు కాలరులో గొర్రెతోలు కొత్తగా కుట్టించాను.

కర్మాగారంలో అతనికి దారి మూసేయడం లేదు. సుత్తి పట్టుకుని ఒక సీజను కొడితే ఒకటో క్లాజు ప్రకారం అతనూ సంఘ సభ్యుడే. ఈ మాట వెటకారంగా రాయలేదు.

9. సంఘానికి షరతులు

మధ్యాహ్నం సూపు మళ్లీ మొదలవ్వాలి, అందులో మాంసం ఉండాలి. ముందు పైకప్పు బాగుచేయించాలి, లాభం తర్వాత పంచుకోవచ్చు. గోడలమీద నీతివాక్యాలు రాయించకూడదు. మీలో ఎవరు పెద్ద అయినా, మిగతావాళ్లకు సేవ చేస్తున్నానని నోటితో చెప్పిన రోజున వాళ్లను దింపేయండి.

10. నా అంత్యక్రియలు

భర్త పక్కన పాతిపెట్టండి. వ్యాపారుల సంఘం నుంచి ఎవరైనా వస్తే పులావు పెట్టి పంపండి, మాట్లాడనివ్వవద్దు. 'కార్మికుల తల్లి' అన్న మాట అక్కడ ఎవరి నోటా వినిపించకూడదు. నాకు పిల్లలు ఇద్దరే. మిగతావాళ్లకు నేను కూలి బాకీ పడకుండా చూసుకున్నాను, అంతవరకే.

11. ఈ లోపు

నేను పోయాక ఈ వీలునామా ప్రకారం వాటా చేతులు మారడానికి ఆరు నెలలు పడుతుందని నోటరీ వివరించింది. ఆ ఆరు నెలలూ కర్మాగారం అప్పటికి డైరెక్టరు కుర్చీలో ఎవరుంటే వాళ్ల చేతుల్లో ఉంటుంది. నిన్న టీ తాగడానికి వచ్చినప్పుడు నోదిర్ జేబులో కర్మాగారం షెడ్డు, గోదాము ఒక ఎగుమతిదారుకు అమ్మే ఒప్పందం ముసాయిదా ఉంది. నా సంతకం కోసం తెచ్చాడు. నేను పెట్టలేదు. "నువ్వు పెట్టకపోయినా దారి ఉందమ్మా, ముందు నీ ఆరోగ్యం చూసుకో" అన్నాడు. ఆ దారి ఏమిటో ఆరు నెలల మాట విన్నాక నాకు అర్థమైంది.

కాబట్టి మూడింట రెండొంతుల యజమానిగా నేను బతికుండగానే చేయగలిగిన పని ఒకటుంది. దానికి నోటీసు ఇవాళ పొద్దున అతనికి అందింది. అందినట్టు సంతకం చేశాడు.

బజార్-కొర్గోన్, 2024 అక్టోబరు 18, శుక్రవారం.

(సంతకం) మస్తూరా ఎర్గషోవా

సాక్షులు:
మామత్‌జాన్ యూల్దాషెవ్, రొట్టెల బట్టీ యజమాని, ఎదురింటివాడు.
జుమాగుల్ తోక్తోబయేవా, రిటైర్డు నర్సు.
ఇద్దరిలో ఎవరికీ ఈ వీలునామా వల్ల లాభం లేదు. తుర్సునోయ్ సాక్షి సంతకం చేస్తానంది, లబ్ధిదారు కాబట్టి వద్దన్నాం.

డైరెక్టరు తొలగింపు, కొత్త డైరెక్టరు ఎన్నిక: యజమానుల సభ, అక్టోబరు 21, సోమవారం, ఉదయం పది గంటలకు, కాయలు కొట్టే హాల్లో. నా ఆపరేషను అక్టోబరు 23, బుధవారం, ఓష్‌లో. డాక్టరు సోమవారమే రమ్మన్నాడు. సభ అయ్యాక వస్తానని చెప్పాను.