కుడిపక్క బర్రె

ఆగస్టు 9, 1938
పొద్దున ఈయన లక్కగాజు మీద కొత్త అల్లిక తీశాడు. ఎరుపు, తెలుపు — జడపాయల్లా. మొదటి గాజు ఎప్పటిలాగే నా చేతికి తొడిగాడు. సాయంత్రానికి లాడ్ బజార్‌లో నాలుగు దుకాణాల్లో అదే అల్లిక! అందరికంటే ముందు దించింది పక్క దుకాణం కరీం భాయ్.
రాత్రి ఈయన అన్నం ముట్టలేదు. "ఈ గల్లీల ఉంటే నాదంటూ ఏం మిగలదు. జల్‌పల్లి పోదాం."

ఆగస్టు 14
అద్దె దుకాణం ఖాళీ చేశాం. ఊరవతల జల్‌పల్లిలో వదిన వాళ్ల పశువుల కొట్టంలో దిగాం. ఎవరూ చూడని గాజులు చేసి, రంజాన్‌కు సొంత దుకాణం తెరవాలట, తన పేరుతో. ఇక్కడ లొల్లి లేదు. నాకు మస్తు హాయి.

సెప్టెంబర్ 2
పొద్దంతా కుంపటి ముందే. చేసినవన్నీ పాతవే.
"ఇవి పోయిన రంజాన్‌కు చేసినవే కదా?" అన్నాను. కోపం... కాసేపటికి తనే నవ్వాడు. నా చేతికి కొత్తది రాలేదు.

సెప్టెంబర్ 11
ఇవాళ కనిపెట్టాను. గాజు చల్లారగానే పైకెత్తి కుడిపక్కకు తిరుగుతాడు. బజార్‌లో అటువైపు కరీం భాయ్ ఉండేవాడు. "పచ్చ ఎక్కువైంది అన్నా" అనేవాడు. ఈయనకు రోషమొచ్చి మళ్లీ లక్క కాచేవాడు. ఇక్కడ కుడిపక్క బర్రె. అది దేనికీ వంక పెట్టదు.
పిచ్చి మనిషి. జాలేసింది, ముద్దూ వచ్చాడు.

సెప్టెంబర్ 19
కరీం భాయ్ సైకిల్ మీద వచ్చాడు. జేబులోంచి తను చేసిన గాజు తీశాడు. "నువ్వు పోయినంక నాకేం తోస్తలేదు అన్నా."
"ఏంది భాయ్ ఇది, దొండకాయ లెక్కుంది," అన్నాడు ఈయన.
ఇక ఇద్దరూ కుంపటి ముందే. ఒకరు అద్దం ముక్క పెడతారు, ఒకరు పీకేస్తారు. చాయ్ చల్లారిపోయింది. పొద్దుగూకేసరికి నీలం గాజు ఒకటి, అద్దం ముక్కలతో. ఇట్లాంటిది నేనెన్నడూ చూడలేదు. ఎవరు చేశారో వాళ్లకే తెలియదు.
"నా దుకాణంల సగం జాగ నీది. వచ్చెయ్ అన్నా," అని వెళ్లాడు భాయ్.

సెప్టెంబర్ 20
సాయంత్రంలోగా భాయ్‌కి కబురు పంపాలి. "ఏమంటవ్?" అని నన్నే అడుగుతున్నాడు. సొంత దుకాణం కోసం ఎంత ఆశపడ్డాడో నాకు తెలుసు. నిన్న ఎంత సంబరపడ్డాడో కూడా చూశాను.
నీలం గాజు చేతిలోనే పట్టుకున్నాడు, నాకు తొడగలేదు. "అది నా ఒక్కనిది కాదు కదా," అంటాడు.
జవాబుగా ఎడమ చెయ్యి ఆయన ముందు చాపి ఉంచాను. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు...