ఎక్కువైన ఎనిమిది చుట్లు

మహబూబాబాద్ రైల్వే క్వార్టర్లు,
1950 ఆగస్టు 17, గురువారం.

ఎస్తేరు నాయినకు,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ ఎస్తేరూ ఆయన దయవల్ల క్షేమంగానే ఉన్నాం. డ్యూటీ వేసిన వాడి జంక్షన్‌లో నీళ్లు మీకు పడ్డాయనీ, హోటలు రొట్టెలతో కడుపు చెడలేదనీ నమ్ముతున్నాను. మీ ఉత్తరం శనివారమే అందింది. వెంటనే జవాబు రాయలేదని కోపగించుకోకండి. రాయడానికి కూర్చోవడం, లేవడం, ఐదు రోజులుగా అదే పని.

మీరడిగినవి ముందు చెబుతాను. ఎస్తేరు దగ్గు తగ్గింది. దవాఖాన మందు చేదని ఉమ్మేస్తే బెల్లం ముక్క ఆశ చూపి తాగించాను. తండ్రి పోలికే, బతిమాలితే తప్ప మాట వినదు. వంటింటి పెంకులు సర్దించాను, మొన్నటి వానకు చుక్క కారలేదు. జనగామ నుంచి మా అమ్మ చింతపండు పంపింది. ఇక తండా హీర్యాను పోలీసులు పట్టుకుపోయారని తెలిసి మీరు రాసిన సంగతి. మిగిలిన రాగి తీగ, రేడియో వాల్వులు బావిలో పడేసి, ఎవరడిగినా నాకేమీ తెలియదనమన్నారు. దానికీ జవాబుంది. కాస్త ఓపిక పట్టండి.

పడేద్దామనే పెట్టె తెరిచాను. మొదటి రేడియో కోసం మీరు కోసిన వెదురు బొంగు పైనే ఉంది. మన పెళ్లయిన రెండో నెల అనుకుంటాను, డ్యూటీ దిగి వచ్చి, ఆ బొంగూ తీగా నా చేతిలో పెట్టి "చుట్టు" అన్నారు. ఏమిటో, ఎందుకో చెప్పలేదు. కొత్త మొగుడు కదా, ఎదురు చెప్పకుండా చుట్టాను. మిషను బడిలో అల్లికలు నేర్చిన చెయ్యి, తీగ పక్కన తీగ సందు లేకుండా కూర్చుంది. మీరు చుట్టిందేమో కోడి కెలికిన గడ్డిలా ఉంది. మీరే నవ్వి ఒప్పుకున్నారు. అప్పటి నుంచి సామాన్లు తేవడం, చుట్ల లెక్క చెప్పడం మీ వంతు, చుట్టడం, టంకం వేయడం నా వంతు అయ్యాయి.

టంకం కడ్డీ పొయ్యిలో కాలుతుంటే పక్కన పప్పు మాడిన రోజులెన్నని! ఆ మాడిన పప్పే తింటూ, చెవి ఫోను చెరొకటి పెట్టుకుని, తలకు తల ఆనించి పాటలు విన్నాం. అంతకన్నా సుఖపడ్డ రోజులు నాకైతే లేవు.

అమ్మాలని మనం అనుకోలేదు. రజాకార్ల ఏడాది, లైను పనికి వచ్చే హీర్యా మన కిటికీ దగ్గర ఆగి పాట విన్నాడు. గార్ల దగ్గర వాళ్ల తండాకు ఒకటి చేసివ్వమన్నాడు. పాటలకా అని మీరు నవ్వితే, "పాటలు గాదన్నా, ఎవడు ఎటు నుంచి వస్తుండో తెలిస్తే పిల్లలనన్న దాచుకుంటం" అన్నాడు. ఆ మాటకు మీ నవ్వు ఆగిపోయింది. లైసెన్సు లేకుండా చేసి అమ్మడం నేరమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్లు తగలబడుతుంటే కాగితం ఎవడడుగుతాడులే అనుకున్నాం.

మనమే తండాకు తీసుకుపోయి తీగ కట్టిన రోజు గుర్తుందా? చెవి ఫోన్లు ఇత్తడి గిన్నెలో వేస్తే చుట్టూ ఉన్న పదిమందికీ వినబడుతుందని మీరు చూపించారు. ఆడవాళ్లంతా గిన్నె చుట్టూ మూగారు. అన్నీ విన్నాక హీర్యా తల్లి చంద్రి, "అండ్ల మా బోలి మాట్లాడెటోళ్లు ఒక్కలు లేరా బిడ్డా?" అని నన్ను అడిగింది. లేరని చెప్పడానికి సిగ్గేసింది. సెప్టెంబరులో సైన్యం వచ్చిన కబురు తండా అంతా ఆ గిన్నెలోనే విన్నది. అప్పుడు వాళ్లు మనకు పంపిన జొన్న రొట్టెల రుచి ఇంకా నాలుక మీద ఉంది.

ఇప్పుడు మీకు తెలియని సంగతి. నిరుడు వేసవిలో మీరు కాజీపేటలో డ్యూటీలో ఉన్నప్పుడు హీర్యా ఆ రేడియో డబ్బా తెచ్చాడు. చంద్రికి చెవులు మందగించాయట, జర గట్టిగా వినబడేటట్టు చేయమన్నాడు. శబ్దం పెంచే రెండో తీగచుట్టకు ఇరవై చుట్లు దాటొద్దని మీరు నాకు ఎన్నిసార్లు చెప్పారో! దాటితే వినే డబ్బా తానే ఈల వేస్తుందనీ, ఆ ఈల పోయి చుట్టుపక్కల వాళ్ల రేడియోల్లో దూరుతుందనీ చెప్పారు. అయినా ఎనిమిది చుట్లు ఎక్కువ వేశాను. తండా చుట్టుపక్కల ఇంకెవరికి రేడియో ఉంది, ఎవరికి అడ్డం అనుకున్నాను. ముసలామె విని నవ్విందని హీర్యా వచ్చి చెప్తే మురిసిపోయాను. మీకు చెబితే తిడతారని చెప్పలేదు.

ఈ ఏడు తండా పక్కన మిలిటరీ క్యాంపు పడింది. రోజూ సాయంత్రం చంద్రి వార్తలు వినే వేళకు వాళ్ల వైర్‌లెస్‌లో ఈల మొదలయ్యేది. అడవిలోని కమ్యూనిస్టు దళాలకు ఎవరో సైగలు పంపుతున్నారనుకుని వెతికారు, డబ్బా దొరికింది. హీర్యాను పోలీసులకు అప్పగించారు. గార్ల అంగట్లో ముఖం తెలియనివాడి దగ్గర కొన్నానని చెప్పాడే తప్ప, మీ పేరు గానీ నా పేరు గానీ అతని నోట రాలేదు. ఈ రోజుల్లో దళాలకు సైగలు పంపాడన్న మాట పడితే మనిషి మళ్లీ ఇంటి ముఖం చూస్తాడన్న ఆశ లేదు.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి చంద్రి మన గడప మీద కూర్చుని ఉంది. నీళ్లిచ్చినా ముట్టలేదు. నన్ను ఒక్క మాట నిందించలేదు. "మావోడు నీ పేరు చెప్పడు బిడ్డా. డబ్బా మంచిదే గద?" అని మాత్రం అడిగింది. నేను లోపలికి పోయి ఏడ్చాను. వచ్చి చూస్తే ఆమె లేదు.

సోమవారం ఎస్తేరును పక్కింటి మణెమ్మక్కకు అప్పగించి మేజిస్ట్రేటు కచేరికి పోయాను. జనగామ వకీలు ఒకాయన అక్కడే ఉంటే కాళ్లావేళ్లా పడి మాట్లాడించుకున్నాను. ఆ డబ్బా చేసింది నేనేనని చెబితే మేజిస్ట్రేటు నన్ను నమ్మలేదు. ఆడది రేడియో చేయడమేమిటి, మొగుణ్ణి కాపాడడానికి వచ్చావన్నాడు. చుట్టి చూపిస్తానన్నాను. నిన్న క్యాంపు సిగ్నల్ మనిషి తమ సెట్టూ, మన డబ్బా తెచ్చి కచేరిలో పెట్టాడు. అందరి ముందూ నేలమీద కూర్చుని ఆ ఎనిమిది చుట్లు విప్పాను, ఈల ఆగిపోయింది. మళ్లీ చుట్టాను, వచ్చింది. ఇంకోసారి విప్పమన్నారు, విప్పాను. దీంతో కబురు పంపడం కుదరదు, ఇది కూత తప్ప మాట కాదని ఆ సిగ్నల్ మనిషే మేజిస్ట్రేటుకు చెప్పాడు. దేవుడు అతన్ని చల్లగా చూడాలి.

వకీలు నాకు ముందే ఒక మాట నేర్పాడు. ఇట్లవుతుందని తెలియదని చెప్పు, జరిమానాతో పోతుందన్నాడు. మేజిస్ట్రేటు సరిగ్గా అదే అడిగాడు. హీర్యా బోనులో నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"తెల్సు సార్. మా ఇంటాయన చెప్పిండు, నేనే ఇనలే. ముసలామెకు ఇనబడాలని పెట్టిన. కొన్నోనికి ఏం తెల్వది, తప్పు డబ్బా చేసినదాన్ది."

వకీలు తల పట్టుకున్నాడు. హీర్యాను అప్పుడే వదిలేశారు. నా మీద రెండు నేరాలు రాశారు. లైసెన్సు లేకుండా చేసి అమ్మినందుకు ఒకటి, తెలిసి తెలిసీ సర్కారు వైర్‌లెస్‌కు అడ్డం పడ్డందుకు ఒకటి. గుడి సంఘం పెద్ద యాకోబు తాత పూచీ పడితే ఇంటికి పంపారు. సోమవారం తీర్పు. ఆరు నెలలు పడవచ్చని వకీలు అంటున్నాడు. కాగితంలో చేసినవారి పేరు దగ్గర గుమాస్తా మీ పేరు రాయబోతే ఆపి నా పేరు రాయించాను. అయినా రైల్వే వాళ్లు మిమ్మల్ని పిలిచి అడుగుతారు. మీ ఉద్యోగానికి ముప్పు తెచ్చినందుకు మీ కాళ్లు పట్టుకుంటాను. తెలుసునని చెప్పినందుకు మాత్రం క్షమాపణ అడగను. తీగ బావిలో వేయలేదు.

ఎస్తేరుకు ఏమీ చెప్పలేదు. అమ్మ ఊరికి పోతుందంటే ఏ ఊరికని అడుగుతోంది. మీకు నా మీద కోపం వస్తుందని తెలుసు, రానీయండి. కోపంతోనే రండి, మాట్లాడకపోయినా పరవాలేదు. సోమవారం నన్ను పిలిచేటప్పుడు పిల్ల ఎవరి చంకలో ఉంటుందో అదొక్కటే నా దిగులు. మీ చంకలో ఉంటే నేను తిరిగి చూడకుండా నడవగలను.

ఇట్లు,
మీ ఎస్తేరు తల్లి,
పుష్పమ్మ.