పద్నాలుగో నంబరు అంగడి ఇంకా కోలుకోలేదు

అయ్యా,

పురపాలక కార్యాలయంలో అంగళ్ల అనుమతులు చూసే అధికారి గారికి.

విషయం: మా అమ్మ నాగవల్లి గారెల అంగడి "పూర్తిగా కోలుకున్నది" అని తేల్చి, ఉదయం బజారులో కోలుకోని వ్యాపారాలకే రాయితీ మీద ఇస్తున్న పద్నాలుగో నంబరు స్థలాన్ని ఈ నెలాఖరుకు ఖాళీ చేయమన్న నోటీసును రద్దు చేయుట గురించి.

అర్థం కాని కాగితం మీద అమ్మ చేత ఇదివరకే ఒకసారి సంతకం పెట్టించుకున్నారు. అందుకని దీన్ని ముందు తెలుగులో రాసి, ఆమెకు చదివి వినిపించి, మలాయ్ ప్రతిని జతపరిచాను.

1. లాక్‌డౌన్‌కు ముందు రెండు ఫ్యాక్టరీల షిఫ్టు జనం మా బల్ల దగ్గరే తినేవారు. ఒక ఫ్యాక్టరీ మూతపడింది. రెండోది లోపలే క్యాంటీన్ పెట్టుకుంది. ఇప్పుడు పదిమంది వస్తే ఆ రోజు పండగ.

2. గత సంవత్సరం తమ కార్యాలయం యూనివర్సిటీ వారితో చేతులు కలిపి, కోవిడ్ తరువాత చిన్న వ్యాపారాల పునరుద్ధరణపై పరిశోధన జరిపించినది. పీహెచ్‌డీ చేసిన ఒక డాక్టరమ్మ, ఏడుగురు విద్యార్థులు మూడు ఉదయాలు వచ్చారు. "ఆంటీ, వ్యాపారం కోలుకుందా లేదా? ఒక్క ముక్క చాలు" అని అడిగారు. అమ్మ "బాగుందమ్మా, దేవుడి దయ" అన్నది. ఆ మాటను మలాయ్‌లోకి మార్చి చెప్పడమైనది. సంతకం తీసుకోవడమైనది.

నోటీసు వచ్చాక అలా ఎందుకన్నావని అడిగాను. "దీపం ఎట్టిన కొట్లో నిలబడి యాపారం లేదంటారేట్రా? ఆళ్లు మన కాడికొచ్చినోళ్లు. ఆళ్ల ముందు ఏడుపేటి?" అంది. లాక్‌డౌన్‌లో ఆకలి ఉన్న ఇళ్లు సాయం కోసం గుమ్మానికి తెల్లజెండా కట్టమని దేశమంతా చెప్పినప్పుడు కూడా ఆమె కట్టలేదు. మా వాళ్లలో ఏ ఆడమనిషీ అతిథి ముందు కొట్టు ఖాళీ అనదు. ఇన్ని పట్టాలున్న పరిశోధనకు ఈ సంగతి తెలియదా?

3. నివేదిక నలభై ఒకటో పేజీలో "తిరిగి వచ్చిన కొనుగోలుదారులు" అని ఫోటో ఉంది. బల్ల నిండా జనమే, గారెలు తింటున్నారు. అయ్యా, వాళ్లు కొనుగోలుదారులు కారు. ఆ ఏడుగురు విద్యార్థులే. మెడలో గుర్తింపు కార్డులు కూడా తీయలేదు. అమ్మ ఊరికే పెట్టింది, ఇంకో రెండు వేసుకోండని బతిమాలి మరీ.

4. డాక్టరమ్మకు మూడు ఉత్తరాలు రాశాను. డేటా సేకరణ ముగిసిందని ఒక జవాబు వచ్చింది. ముగిసిన డేటాలో మా అమ్మ ఇంకా రోజూ పప్పు రుబ్బుతోంది. శ్రమ ఒకరిది, పుస్తకం ఒకరిది, స్థలం మూడోవాడిది! ఇదేనా ప్రజల కోసం పరిశోధన?

కావున ఆ నివేదికలో మా పేజీ కొట్టివేసి, స్థలం అమ్మ పేరనే ఉంచవలసిందిగా కోరుతున్నాను. తాము చిత్తగించవలెను. కాగితం మీద చిత్తగించడం కుదరకపోతే ఒక ఉదయం వచ్చి, పది గంటలదాకా ఆ బల్ల దగ్గర కూర్చుని చిత్తగించవలెను.

ఈ ఒక్క కాగితం మేరకు
తమ విధేయుడు,
కూర్మయ్య కొడుకు కవిరాజ్

తా.క.: ఇది మొత్తం విని అమ్మ, "అంతా రాసినావు గానీ, మలాయ్‌లో సెప్పినోడెవడో రాయలేదేటి?" అంది. నేనే. అమ్మ మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. యూనివర్సిటీ వాళ్ల ముందు మా అమ్మ బీదదానిలా కనబడటం నాకిష్టం లేకపోయింది. ఏం శిక్ష వేస్తారో నాకు వేయండి సార్. స్థలం మాత్రం తీసుకోకండి.